నీళ్లు తాగి చెప్పే కబురు

శివమ్మ బడి కబురు తెస్తోందంటే మనిషి కంటే ముందు గొంతు వచ్చేది. వీధి మొదట్లో కాలు పెట్టకముందే "అందరు మంచిగున్నరు, పిల్లలందరు మంచిగున్నరు" అని అరుచుకుంటూ వచ్చేది. రేపు సెలవని చెప్పడానికి వచ్చినా అదే అరుపు. పంద్రాగస్టుకు పిల్లలకు తెల్ల చొక్కాలు తొడిగి పంపమనడానికి వచ్చినా అదే. ఎనభైలలో ఆ బడికి కొత్తగా వచ్చిన కుర్ర పంతుళ్లకు ఇది మహా తమాషాగా ఉండేది. సెలవు కబురుకు ఇంత ఊరేగింపు దేనికని నవ్వుకునేవారు. ఒకాయనైతే ఆమె నడకా అరుపూ చేసి చూపించి తోటివాళ్లను నవ్వించేవాడు. ఊరివాళ్లు మాత్రం ఎవరూ నవ్వలేదు. పంతుళ్లకేం, ఇవాళ వచ్చి రేపు బదిలీ మీద పోయేవాళ్లు, వాళ్లకు డెబ్బై ఆరు నాటి సంగతి ఎవరు చెబుతారు?

ఆ ప్రాథమిక పాఠశాల జహీరాబాద్ నుంచి ఝరాసంగం వైపు పోయే రోడ్డు పక్కన ఉంది. ఊరు వాగుకు అవతల ఉంది. ఊరి బడిని ఊళ్లో కట్టకుండా వాగుకు ఇవతల ఎందుకు కట్టారంటే, తనిఖీకి వచ్చే పంచాయతీ సమితి జీపు బురదలో దిగబడకూడదని. పిల్లలు దిగబడితే ఫరవాలేదు కాబోలు. ఎండాకాలం పిల్లలు వాగులో రాళ్ల మీద గెంతుకుంటూ వచ్చేవారు. వానలు పడి వాగు పొంగితే చుట్టూ తిరిగి, రోడ్డు మీది కల్వర్టు ఎక్కి రావాల్సిందే. అది చాలా దూరం.

శివమ్మది న్యాల్‌కల్ వైపు. పుట్టింట్లో కన్నడం, మెట్టినింట్లో తెలుగు. భర్త గురులింగప్ప పెళ్లయిన కొన్నేళ్లకే కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అత్తవారు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఆ ఇంట్లోనే ఓ మూల ఉంటూ బడిలో ఆయా పనికి కుదిరింది. గదులు ఊడ్చడం, కుండల్లో నీళ్లు నింపడం, మధ్యాహ్నం గోధుమ రవ్వ ఉప్మా వండడం, ఇవీ ఆమెకు ఒప్పజెప్పిన పనులు. వీటిలో ఏదీ ఆమె అసలు పని కాదు. ఆమె అసలు పని బడి సంగతులు ఇంటింటికీ చేర్చడం.

మొదట్లో హెడ్‌మాస్టరు విరూపాక్ష సార్ చీటీలు రాసి పిల్లల చేతికిచ్చి పంపేవాడు. ఆ చీటీల్లో సగం వాగులో పడవలయ్యేవి, మిగతా సగం తాతల బీడీలు వెలిగించేవి. ఒక్కటో రెండో ఇల్లు చేరినా చదివే దిక్కు లేదు. టీకా సూదులు వేసే రోజున సగం మంది పిల్లలు రాకపోయేసరికి సమితి వాళ్లు ఆయన్ను కడిగేశారు. దాంతో ఆయన చీటీలు మానేసి శివమ్మను పిలిచాడు. "తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా" అని ఆయన మొదలుపెడితే ఆమె ఓపిగ్గా చివరిదాకా వినేది. వీధిలోకి వెళ్లేసరికి అది "రేపు సూదులేస్తరు, పిల్లలకు పొద్దుగాల్నే కడుపు నిండ పెట్టి తోలున్రి" అయ్యేది.

పని సులువుగా సాగలేదు. ఆ వైపు ఊళ్లలో ఒక ఆచారం ఉంది. చావు కబురు తెచ్చినవాళ్లు గడప తొక్కరు, కూర్చోరు, ఇచ్చిన నీళ్లు ముట్టరు. వాకిట్లోనే నిలబడి చెప్పి, వెనక్కి తిరిగి పోతారు. పొరుగూరి మనిషి వాకిట్లో నిలబడి నీళ్లొద్దంటే చాలు, ఇక పోయిందెవరు అని అడగడమే మిగిలేది. శివమ్మేమో మొగుడు పోయిన ఆడది. పగటిపూట, పిల్లలు బడిలో ఉండగా, ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడితే ఇంట్లో ఆడవాళ్ల గుండెలు జారిపోయేవి. మొదటి నెలలో ఒక ముసలామె చేతిలోని చేట వదిలేసి కుప్పకూలింది. శివమ్మ చెప్పొచ్చిన సంగతేమో పలకలు కొనమని.

అప్పుడు ఆమె తన పద్ధతి తాను కనిపెట్టుకుంది. దూరం నుంచే "జర నీళ్లియ్యవ్వా" అని కేకేసేది. దాహం ఉన్నా లేకపోయినా గడప దాటి లోపలికి పోయి, గోడకు ఆనుకుని కూర్చుని, చెంబెత్తి నీళ్లు తాగేది. ఆ తర్వాతే కబురు. అంతే, ఊరికి ప్రాణం లేచొచ్చింది. బడి కబురంటే నీళ్లు తాగి చెప్పే కబురని పేరు పడిపోయింది. ఊరంతా తిరిగేసరికి ఆమె కడుపు కుండలా ఉబ్బేది, నడుస్తుంటే లోపల నీళ్లు కదిలేవి. ఆ సంగతి చెప్పి ఆమే నవ్వేది. ఒక్క ఇంటికైనా నీళ్లు తాగకుండా కబురు చెప్పింది లేదు.

ఆమె చివరగా పోయే ఇల్లు భాగీరథిది. కావాలనే చివరికి ఉంచుకునేది, అక్కడైతే కాసేపు కాళ్లు చాపుకోవచ్చని. భాగీరథి మొగుడు రామ్‌కిషన్ జహీరాబాద్ గంజిలో, అంటే ధాన్యం బజారులో, బస్తాలు మోసేవాడు, పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు పుట్టి, పోయారు. ఆ తర్వాత నిలిచింది బాలమణి. ఆ పిల్లకు తుమ్మొచ్చినా భాగీరథి రాత్రంతా కూర్చునేది. బడిలో వెయ్యడానికే భయపడింది. వాగు దాటి అంత దూరం పంపనని మొండికేస్తే శివమ్మే బతిమాలి ఒప్పించింది.

"నీ మొఖం చూసి తోల్తున్న అక్కా" అంది భాగీరథి. "నా పానం అది."

"నా కండ్ల ముందలనే ఉంటది చెల్లే, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది శివమ్మ.

డెబ్బై ఆరు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. బడి గోడలు మట్టివి, నాని నాని మెత్తబడ్డాయి. గోడలు చూడమని విరూపాక్ష సార్ సమితికి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా వినేవాడు లేడు. ఆ రోజు మధ్యాహ్నం ఉప్మా తిని పిల్లలు చేతులు కడుక్కుంటుండగా రెండో తరగతి గది వెనక గోడ కూలింది. గదిలో పలక కోసం వెళ్లిన బాలమణి ఒక్కతే ఉంది.

శివమ్మ చేతులతోనే మట్టి లాగింది. పిల్ల బతికి ఉంది. ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగి వేలాడుతోంది, నుదురు చీరి రక్తం కారుతోంది. శివమ్మ కొంగుతో ఆ నుదురు అదిమి పట్టి రోడ్డు మీదికి మోసుకెళ్లింది. జహీరాబాద్ పోయే లారీ ఒకటి ఆగింది. పిల్లను ఎత్తుకుని విరూపాక్ష సార్ ఎక్కాడు.

"పిల్లకేం కాదు శివమ్మా, చెయ్యే. నువ్వు జల్ది పొయ్యి తల్లిని తోల్కొని దవాఖానకు రా. సాయంత్రం బస్సు తప్పిందంటే మళ్ల పొద్దుగాల దాక లేదు."

ఇది చావు కబురు కాదు. దెబ్బ తగిలిందనే కబురు, అంతే. తల్లికి చెప్పి, బస్సెక్కించి, పిల్ల పక్కన కూర్చోబెట్టాలి. శివమ్మ చెయ్యాల్సింది ఇంతే.

ఆమె పరుగెత్తింది. వాగు ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది. రాళ్ల దారి కనబడనే లేదు. చుట్టు తిరిగి కల్వర్టు మీదుగా, బురద గట్ల వెంట, పడుతూ లేస్తూ పోయింది. తలలో బస్సు తప్ప ఇంకేమీ లేదు. అది వెళ్లిపోతే రాత్రంతా ఆ తల్లి ఇక్కడ, ఆ పిల్ల అక్కడ. భాగీరథికి ఆ రాత్రి గడవదని శివమ్మకు తెలుసు. అందుకే ఊరు చేరాక కూడా ఆగలేదు, ఊపిరి తీసుకోలేదు, దూరం నుంచి వేసే కేక వెయ్యలేదు.

భాగీరథి గడప లోపల కూర్చుని జొన్నలు చెరుగుతోంది. వాకిట్లో శివమ్మను చూసి నవ్వింది. అడగకుండానే లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది, ఎప్పటిలాగే. గడప దగ్గర నిలబడి చెంబు చాపింది.

"దా అక్కా, గింత వానల ఒచ్చినవ్. ఏం కబురు?"

"బాలమణి..." అంది శివమ్మ. తర్వాతి మాట రాలేదు. పరుగుతో ఊపిరి అందడం లేదు. చాపిన చెంబు కనబడింది. కూర్చోవడానికి వేళ లేదు, తాగడానికి వేళ లేదు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

"వద్దు."

ఆ ఒక్క మాటతో శివమ్మ ఆ ఇంటికి చావు కబురు చెప్పేసింది. చెప్పానని ఆమెకు తెలియదు.

భాగీరథి ఆ చేతిని చూసింది. గడప బయటే ఉండిపోయిన కాళ్లను చూసింది. కొంగంతా అంటిన రక్తాన్ని చూసింది. చెంబు జారిపడి వాకిట్లోకి దొర్లింది. ఆమె నోట్లోంచి వచ్చింది ఏడుపో కేకో చెప్పలేం, అలాంటిది ఎవరూ వినకూడదు. శివమ్మను తోసుకుని వీధిలోకి ఉరికింది.

"చెయ్యి... చెయ్యే ఇరిగింది" అని శివమ్మ అనేసరికి ఆమె సందు మలుపు తిరిగింది.

అప్పటికి వీధి లేచింది. ఒక ఇంట్లో శోకం వినబడితే పక్కింటి ఆడవాళ్లు ఏమిటని అడగరు, ముందు గొంతు కలుపుతారు. అడగడం తర్వాత. అదే మర్యాద. ఈ గడపలోంచి ఒకరు, ఆ గడపలోంచి ఇద్దరు, గుండెలు బాదుకుంటూ వచ్చేశారు. "అయ్యో బాలమణీ, మా బంగారు తల్లీ" అని శోకాలు అందుకున్నారు. ఆ ఏడుపుల మధ్య నిలబడి శివమ్మ అరుస్తోంది, పిల్ల బతికే ఉంది, బతికే ఉంది అని. ఎవరికీ వినబడలేదు. పక్కింటి ఎల్లమ్మను రెండు భుజాలూ పట్టుకుని ఊపితే గానీ ఆమె నోరు ఆగలేదు.

"చావలేదే ఎల్లమ్మా. చెయ్యి ఇరిగింది, అంతే. దవాఖానల ఉన్నది."

ఎల్లమ్మ తెల్లమొహం వేసింది. "మరి నువ్వు నీళ్లు వద్దంటివి గదనే? మా వాకిట్లకెల్లి చూసిన."

శివమ్మకు అప్పుడు తెలిసింది తానేం చేసిందో.  సందులోకి పరుగెత్తింది.

భాగీరథి కల్వర్టు వైపు పోలేదు. బిడ్డ బడిలో చచ్చిపడి ఉందనుకున్న తల్లి చుట్టుదారిన పోతుందా? నేరుగా వాగు వైపు పోయింది, ఎండాకాలం పిల్లలు గెంతే రాళ్ల దారికి. శివమ్మ గట్టు ఎక్కేసరికి ఆమె మోకాలి లోతు నీళ్లలో ఉంది.

"భాగీరథీ, బతికే ఉన్నది. పిల్ల బతికే ఉన్నదే."

వాగు హోరు చెవులు మూసేస్తోంది. తన గొంతు తనకే వినబడలేదు. శివమ్మ బురదలో జారుతూ గట్టు దిగింది. మళ్లీ అరిచింది. కన్నడంలో అరిచింది, తెలుగులో అరిచింది. ఇన్నేళ్లు ఊరందరికీ సెలవు కబుర్లూ సూదుల కబుర్లూ మోసిన ఆ గొంతుకు, ఆ రోజు ఒక్క మాట ఒక్క మనిషికి చేర్చడం చేతకాలేదు.

నడుము లోతులో భాగీరథి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. శివమ్మ ప్రాణం లేచొచ్చింది. ఆగమని, రమ్మని, ఏమీ కాలేదని, రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపింది. ఊపుతూనే తెలిసింది, ఇందాక వాకిట్లో ఊపిందీ ఇలాగేనని. చేతులు దించేసింది. ఏ సైగ చెయ్యాలో తోచలేదు. పిల్ల బతికి ఉందని చెప్పడానికి చేతులతో సైగ ఏముంటుంది?

భాగీరథి అటు తిరిగి ఇంకో అడుగు వేసింది. ఆ అడుగు కింద రాయి లేదు.

శివమ్మ దూకబోతే వెనక నుంచి బస్వరాజ్ పటేలు పట్టుకున్నాడు. ఆయన శోకాలు విని చేను దగ్గర్నుంచి వచ్చాడు. ఆయన మనుషులు తాళ్లు పట్టుకుని ఒడ్డు వెంట పరుగెత్తారు. పొద్దు వాలేవేళకు మలుపు దగ్గర తుమ్మ కంపల్లో భాగీరథి దొరికింది. మొహం మీది మట్టి ఎల్లమ్మ తుడిచింది. శివమ్మ పక్కన కూర్చుని, వినే చెవి లేకపోయినా, ఆ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. చెయ్యే ఇరిగింది చెల్లే, పిల్ల మంచిగున్నది అని. జనం ఆమెను లాగి పక్కన కూర్చోబెట్టారు.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. తిడితే ఎదురు తిరగొచ్చు, కొడితే కాళ్ల మీద పడొచ్చు. అందరూ జాలిగా చూస్తుంటే ఆమెకు ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు. తానూ ఆ వాగులోనే పోయి ఉంటే బాగుండేదనిపించింది. ఆ మాట పైకే అంది కూడా.

"గా మాట అనకు" అన్నాడు బస్వరాజ్. మళ్లీ ఆయనే, "రామ్‌కిషన్‌కు చెప్పాలె గద. సార్ ఈ పాటికి గంజికి పొయ్యి దవాఖానకు తోల్కపొయ్యే ఉంటడు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పోయేది ఎవరు, పోయి ఏమని చెప్పేది? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరి చూపులూ ఒక చోటికే వచ్చాయి. కబుర్లు మోయడం ఆమె పని. ఆ ఊళ్లో ఆ పని ఇంకెవరికీ రాదు.

"నేనే పోత పటేలా" అంది శివమ్మ.

సాయంత్రం బస్సు ఎప్పుడో పోయింది. ఎరువు బస్తాలు దింపి ఖాళీగా పోతున్న ట్రాక్టర్ ఆపి ట్రాలీలో నిలబడి పోయింది. జహీరాబాద్‌లో దీపాలు పెట్టే వేళయింది. దవాఖాన వరండాలో విరూపాక్ష సార్, రామ్‌కిషన్ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చెయ్యి అతికించి కట్టు కట్టారట, గండం లేదట. ఆ సంగతి చెబుతూ రామ్‌కిషన్ లేచి నిలబడి ఆమె వెనక్కి చూశాడు, ఇంకెవరో రావాల్సి ఉన్నట్టు.

"భాగీరథి ఏదక్కా?"

శివమ్మ ఏదీ దాచలేదు. చెంబు సంగతి, చెయ్యి ఊపిన సంగతి, వాగు సంగతి అన్నీ చెప్పింది. మధ్యలో ఆపితే మళ్లీ నోరు పెగలదని ఒక్క ఊపున చెప్పేసింది. రామ్‌కిషన్ తల గోడకు కొట్టుకున్నాడు. విరూపాక్ష సార్ అతన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు. కాసేపటికి రామ్‌కిషన్, ఆమె మొహం చూడకుండానే, లోపలి గది వైపు చూపించాడు.

"అమ్మ ఏది, అమ్మ ఏది అని పానం తీస్తున్నది. నాతోని కాదక్కా. నువ్వే చెప్పు."

బాలమణి మేలుకునే ఉంది. నుదుటికి గుడ్డ, చేతికి తెల్లటి కట్టు, చిన్న మొహం. ఆయమ్మను చూసి కట్టు పైకెత్తి చూపించింది. శివమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది, పిల్ల మొహానికి తన మొహం ఎదురుగా వచ్చేలా. బాగున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఆయమ్మా, అమ్మకు చెప్పినవా?"

"చెప్పలేకపోయిన బిడ్డా. నేను చెప్పకముందే, నువ్వు లేవనుకొని ఉరికింది. వాగుల పడి కొట్టుకపొయ్యింది. మీ అమ్మ సచ్చిపొయ్యింది బిడ్డా."

పిల్ల ఏడవలేదు.  అంత పెద్ద సంగతి ఆ వయసు బుర్రకు ఎక్కలేదు. ఎక్కింది ఒక్కటే, అమ్మ తన గురించి తప్పుగా అనుకుందని.

"మరి ఇప్పుడన్న పొయ్యి చెప్పు ఆయమ్మా" అంది. "నేను మంచిగనే ఉన్న అని చెప్పు."

"చెప్త బిడ్డా" అంది శివమ్మ.